నెల్లూరులో గాలిగోపురం వెనక ఎర్రబడే తెల్లవారుజాము ఆకాశాన్ని ఫోటో తీయడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. రంగనాయకుల గుడి గాలిగోపురం, పక్కన పాత ఊరి మిద్దెలు, వెనక రగిలిపోతున్న తెల్లవారుజాము ఆకాశం ఒకే ఫోటోలో కావాలి. కంటికి మంకెనపువ్వులా కనిపించిన ఆకాశం ఫోటోలో నిమ్మపండు రంగుకు పాలిపోయింది. గోపురం అగ్గిపుల్లంత అయింది, అదీ నల్లగా. మూడుసార్లు వెళ్తే రెండుసార్లు అసలు రంగే రాలేదు. మీ దగ్గరున్నవి చిన్న సెన్సర్ డీఎస్‌ఎల్‌ఆర్, 18-55 కిట్ లెన్స్, 55-200 లెన్స్, ఒక ఫోన్.

సూటిగా జవాబు: సూర్యోదయానికి 45 నిమిషాల ముందే ట్రైపాడ్ వేసి సిద్ధంగా ఉండండి. మంచి రంగు చాలావరకు సూర్యుడు కనపడకముందే అయిపోతుంది. గోపురానికి పడమటగా మూడు నాలుగు వందల మీటర్లు వెనక్కి వెళ్లి 55-200 పెట్టండి. వైట్ బ్యాలెన్స్‌ను (రంగుల తూకాన్ని సరిచేసే సెట్టింగును) ఆటోలోంచి తీసి ఎండ గుర్తు మీద ఉంచండి. ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వదిలే వెలుగు) ఆకాశానికి కొలవండి, అదీ ఎరుపు హిస్టోగ్రామ్ (ఫోటోలో ఎరుపు ఎంత నిండిందో చూపే గ్రాఫు) చూసి. ఇక రంగు వస్తుందా రాదా అన్నది నెల్లూరు మీదున్న మబ్బు ఒక్కటే తేల్చదు. తూర్పున బంగాళాఖాతం మీద రెండు మూడు వందల కిలోమీటర్ల అవతల ఆకాశం తెరిపిగా ఉందా లేదా అన్నదే తేలుస్తుంది. మీ రెండు వృథా ప్రయాణాలకు కారణం దాదాపుగా ఇదే, కాబట్టి ముందు దీని గురించి వివరంగా చెప్తాను.

మబ్బు ఎర్రబడాలంటే దాని అడుగుభాగానికి వెలుగు తగలాలి. సూర్యుడు ఇంకా దిగంతం కిందే ఉన్నప్పుడు ఆ కిరణం ఎక్కడో తూర్పున సముద్రపు నీటిని ఒరుసుకుంటూ పైకి వచ్చి మన మబ్బును తాకుతుంది. అంత దూరం గాలి పొరల్లో ప్రయాణించడం వల్ల నీలం చెదిరిపోయి ఎరుపే మిగులుతుంది. నెత్తిమీది మబ్బు 10 కిలోమీటర్ల ఎత్తులో ఉంటే ఆ కిరణం నీటిని ఒరుసుకునే చోటు సుమారు 350 కిలోమీటర్ల దూరం. 4 కిలోమీటర్ల ఎత్తు మబ్బుకైతే 225 దాకా. ఆ దారిలో ఎక్కడ దట్టమైన మబ్బు అడ్డుపడినా కిరణం ఆగిపోతుంది. మన నెత్తిన ఎంత అందమైన మబ్బు ఉన్నా బూడిదరంగులోనే తెల్లారిపోతుంది.

అందుకే ముందురోజు రాత్రీ, మళ్లీ వేకువజామున నాలుగున్నరకూ వాతావరణ శాఖ సైట్‌లో ఇన్శాట్ ఇన్‌ఫ్రారెడ్ చిత్రం చూడండి. నెల్లూరు 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఈ అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే దాదాపు 108 కిలోమీటర్లు. అంటే చూడాల్సింది నెల్లూరు చుక్కను కాదు, 82, 83 డిగ్రీల దగ్గర సముద్రాన్ని. అక్కడ నల్లగా (తెరిపిగా), మన మీద పల్చగా తెల్లగా ఉంటే నిద్రలేచి బయల్దేరండి. అక్కడ చిక్కటి తెలుపు ఉంటే పడుకోండి. ఇంకో సంగతి, నవంబరు, డిసెంబరుల్లో సూర్యుడు నేరుగా తూర్పున రాడు, ఆగ్నేయం వైపు వస్తాడు. అప్పుడు చిత్రంలో కూడా ఆగ్నేయం వైపే చూడాలి. ఇన్‌ఫ్రారెడ్‌లో ఒక లోపం ఉంది. సముద్రం మీద తక్కువ ఎత్తులో ఉండే మబ్బులు నీటికి దగ్గరి వేడితోనే ఉంటాయి కాబట్టి రాత్రి చిత్రంలో సరిగా కనపడవు. చిత్రం శుభ్రంగా ఉన్నా ఒక్కోసారి మోసపోయేది ఇక్కడే. విండీ లాంటి యాప్‌లో కింది, నడిమి, ఎత్తు మబ్బుల్ని విడివిడిగా చూపించే పొరలుంటాయి, రెండూ కలిపి చూస్తే తప్పు తగ్గుతుంది. మీకు కావాల్సింది ఎత్తు మబ్బు లేదా నడిమి మబ్బు ఆకాశంలో సగం దాకా, కింది మబ్బు బాగా తక్కువ. మబ్బే లేని రోజు దిగంతం దగ్గర నారింజ చార తప్ప ఏమీ రాదు.

నెలల సంగతికొస్తే, మన జిల్లాకు వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాల్లో వస్తాయి కనుక అక్టోబరు రెండో సగం నుంచి డిసెంబరు చివరిదాకా వానకూ వానకూ మధ్య తెరిపిచ్చే ఉదయాలు అన్నిటికంటే మేలైనవి. గాలి కడిగినట్టుంటుంది, ఎత్తు మబ్బు మిగిలి ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కూడా చాలా ఉదయాలు నడిమి మబ్బులు ఉంటాయి, వదులుకోవద్దు. జనవరి, ఫిబ్రవరుల్లో మంచు, పొగ కలిసి దిగంతం దగ్గర మడ్డిగా ఉంటుంది. ఎరుపు తక్కువే గానీ ఊరి మిద్దెలు ఒకదాని వెనక ఒకటి పల్చబడుతూ పొరలు పొరలుగా వస్తాయి. భోగి నాటి ఉదయం మంటల పొగ నేలబారుగా పరుచుకుని ఉంటుంది, ఆ రోజు ఆకాశం కోసం వెళ్లకండి, ఆ పొరల కోసం వెళ్లండి.

వేళ. నెల్లూరులో సూర్యోదయం జూన్ 21 ప్రాంతంలో 5:43కి, నవంబరు మధ్యలో 6:10కి, డిసెంబరు 21 ప్రాంతంలో 6:30కి, జనవరి చివరికి 6:38 దాకా వెళ్తుంది. రంగు పై అంతస్తు నుంచి కిందికి దిగుతుంది. దూదిపీచులాంటి ఎత్తు మబ్బులు తూర్పు వైపు సూర్యోదయానికి 20, 22 నిమిషాల ముందు అంటుకుంటాయి. నెత్తిమీదివి 10, 12 నిమిషాల ముందు. చేపపొలుసుల్లాంటి నడిమి మబ్బులు ఐదారు నిమిషాల ముందు. కింది మబ్బులు సూర్యుడు వచ్చే క్షణానికి. ఒక్కో అంతస్తులో చిక్కటి రంగు నిలిచేది నాలుగైదు నిమిషాలే. సూర్యోదయం టైమ్ చూసుకుని ఆ టైమ్‌కి చేరేవాళ్లకు మిగిలేది పసుపే. మీ నిమ్మపండు రంగులో సగం కారణం ఇది, మిగతా సగం ఎక్స్‌పోజర్.

ఎక్కడ నిలబడాలి. గోపురం వెనక సూర్యోదయపు ఆకాశం రావాలంటే గోపురానికి మీరు పడమట ఉండాలి. పెన్న పడమట నుంచి తూర్పుకు పారుతుంది, గుడి దక్షిణపు గట్టున ఉంది. కాబట్టి మీ చోటు గుడికి ఎగువన. కోవూరు వైపు గట్టున గుడికి సరిగ్గా ఎదురుగా నిలబడితే గోపురం దక్షిణాన ఉంటుంది, సూర్యుడేమో ఎడమచేతి వైపు ఫ్రేము బయటెక్కడో వస్తాడు. అదే గట్టు మీద ఎగువకు నడిచి వాయవ్యం నుంచి చూస్తే నవంబరు నుంచి జనవరి దాకా బాగా కుదురుతుంది, ఎందుకంటే అప్పుడు సూర్యుడు ఆగ్నేయం వైపు ఉంటాడు. ముందు నీళ్లు కూడా దొరుకుతాయి, రంగు రెట్టింపవుతుంది.

లెక్క కావాలంటే: ఉత్తరం నుంచి కొలిస్తే నెల్లూరులో సూర్యుడు జూన్‌లో 66 డిగ్రీల దగ్గర, మార్చి, సెప్టెంబరుల్లో 90 దగ్గర, డిసెంబరులో 114 దగ్గర ఉదయిస్తాడు. ఫోటోపిల్స్ లాంటి యాప్‌లో గోపురం మీద పిన్ను పెట్టి, సూర్యోదయం గీతను వెనక్కి పొడిగిస్తే ఆ గీత మీదే మీరు నిలబడాలి. మార్చి, సెప్టెంబరుల్లో సూర్యుడి చోటు రోజుకు 0.4 డిగ్రీ జరుగుతుంది. 400 మీటర్ల దూరంలో అది దాదాపు 3 మీటర్లు. నిన్న కలశాల వెనక సరిగ్గా పడినది ఇవాళ పక్కకు పోతుంది. డిసెంబరు చివర అయితే వారం రోజులు దాదాపు అదే చోట ఉంటుంది, కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు అదే తేలిక.

ఎరుపు మబ్బులకు ఇంత ఖచ్చితం అక్కర్లేదు, 20 డిగ్రీలు అటూ ఇటూ అయినా రంగు ఉంటుంది. సూర్యబింబం గోపురం వెనకే కావాలంటేనే ఈ గీతల పని.

గోపురం ఎందుకు చిన్నదైపోతుంది. లెక్క చేసి చూడండి. 70 అడుగుల గోపురం, అంటే 21 మీటర్లు, 400 మీటర్ల దూరం నుంచి 3 డిగ్రీల ఎత్తు కనిపిస్తుంది. మీ సెన్సర్ ఎత్తు సుమారు 15.6 మిల్లీమీటర్లు. 18 దగ్గర గోపురం బొమ్మ సెన్సర్ మీద 1 మిల్లీమీటరు కూడా ఉండదు. 55 దగ్గర 3 మిల్లీమీటర్లు, ఫ్రేములో అయిదో వంతు. 200 దగ్గర 10.5 మిల్లీమీటర్లు, మూడింట రెండు వంతులు. గోపురం పెద్దగా కావాలని దగ్గరికి వెళ్లి 18తో తీస్తే కెమెరా పైకి ఎత్తాలి, గోపురం వెనక్కి వాలిపోయినట్టు వస్తుంది, వెనక ఎర్రటి భాగం మరుగున పడిపోతుంది. ఎరుపు చిక్కగా ఉండేది దిగంతానికి దగ్గర్లోనే. దూరం నుంచి పొడవాటి లెన్స్‌తో తీస్తేనే ఆ చిక్కటి భాగం గోపురం వెనక గుడ్డ పరిచినట్టు నిండుతుంది. నాకైతే 85 నుంచి 135 మధ్య బాగా నచ్చుతుంది. గోపురం నిలబడుతుంది, ఊరు కూడా ఉంటుంది.

సిల్హౌట్‌లో, అంటే వెలుగుకు ఎదురుగా నల్లగా కనిపించే ఆకారంలో, ప్రాణమంతా అంచులోనే. గోపురం పైన కలశాలు ఒక్కొక్కటీ విడిగా, మధ్యలో ఆకాశం కనిపిస్తూ ఉండాలి. ఒక అడుగు పక్కకు నిలబడితే కరెంటు తీగ సరిగ్గా కలశాల మెడల మీదుగా పోతుంది, లేదా వెనక సెల్ టవర్ ఎనిమిదో కలశమై కూర్చుంటుంది. పగలు ఒకసారి వెళ్లి చోటు చూసుకుని, కాలి గుర్తుగా ఒక రాయి పెట్టి రండి. చీకట్లో తీగలు కనపడవు, ఫోటోలో మాత్రం తప్పకుండా కనపడతాయి.

సెట్టింగులు. మాన్యువల్ మోడ్, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందన) 100, ఎపర్చర్ (లెన్స్ తెరుపు) ఎఫ్8, రా ఫైల్ (కెమెరా మార్పులు చేయని అసలు ఫైల్). ఇక షట్టర్ (వెలుగును లోపలికి వదిలే సమయం) ఒక్కటే మారుస్తూ పోతారు. మొదలుపెట్టడానికి ఇవి పట్టుకోండి: సూర్యోదయానికి 20 నిమిషాల ముందు 1 నుంచి 2 సెకన్లు, 10 నిమిషాల ముందు 1/8 దగ్గర, సూర్యుడు వచ్చే వేళకు 1/60 దగ్గర. మబ్బును బట్టి రెండు స్టాపులు అటూ ఇటూ అవుతుంది (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు లేదా సగం). ప్రతి రెండు నిమిషాలకూ ఒకసారి సరిచూసుకోవాలి, వెలుగు అంత వేగంగా పెరుగుతుంది.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే కెమెరా ఆ ఎరుపును తప్పు అనుకుని నీలం కలిపి సరిచేస్తుంది. ఎండ గుర్తు, లేదా 5200 నుంచి 5500 కెల్విన్. రా ఫైల్‌లో తర్వాత మార్చుకోవచ్చు కదా అంటారేమో. మార్చుకోవచ్చు, కానీ అక్కడ తెర మీద మీరు చూసేది, హిస్టోగ్రామ్ లెక్కగట్టేది ఈ వైట్ బ్యాలెన్స్‌తోనే. అది తప్పుగా ఉంటే ఎక్స్‌పోజర్ నిర్ణయం కూడా తప్పుతుంది.

ఇప్పుడు అసలు చోటు. ఫోటో తీశాక మామూలు తెల్ల హిస్టోగ్రామ్ చూసి “కుడివైపు ఖాళీ ఉంది, బాగానే ఉంది” అనుకుంటారు. ఒక బటన్ నొక్కి మూడు రంగుల హిస్టోగ్రామ్ తెరవండి. ఆకుపచ్చ మధ్యలో ఉంటుంది, నీలం ఎడమన ఉంటుంది, ఎరుపు మాత్రం కుడి గోడకు అతుక్కుని ఉంటుంది. ఎర్రటి ఆకాశంలో ముందు నిండేది ఎరుపే. అది నిండిపోయాక వెలుగు పెరిగితే పెరిగేది ఆకుపచ్చ ఒక్కటే, ఎరుపూ ఆకుపచ్చా కలిస్తే పసుపు. అదే మీ నిమ్మపండు. మబ్బులో మడతలు పోయి ప్లాస్టిక్ ముక్కలా కనిపించడమూ దీనివల్లే. ఎరుపు గ్రాఫు కుడి గోడకు కొంచెం ఇవతలే ఆగేదాకా షట్టర్ సమయం తగ్గించండి. సాధారణంగా కెమెరాలోని వెలుగు మీటర్ చెప్పినదానికి ముప్పావు నుంచి ఒక స్టాపు తక్కువ పడుతుంది. తెర మీద చీకటిగా అనిపిస్తుంది, భయపడకండి.

గోపురం నల్లబడటం గురించి అడిగారు. నా అభిప్రాయం, దాన్ని నల్లగానే ఉండనివ్వండి, లేదా కొంచెమే తెరవండి. మూడు ఎక్స్‌పోజర్లు (సున్నా, మైనస్ 2, ప్లస్ 2) తీసి కెమెరా హెచ్‌డీఆర్‌కు (వాటిని ఒకే ఫోటోగా కలిపే సదుపాయానికి) అప్పగిస్తే గోపురం అంచు చుట్టూ తెల్లటి వెలుగు గీత వస్తుంది, శిల్పాలు బూడిద పూసినట్టుంటాయి. కావాలనుకుంటే ఆకాశం ఒకే ఫ్రేములోంచి తీసుకుని, గోపురం మాత్రం ప్లస్ 2 ఫ్రేములోంచి మాస్క్‌తో (ఎడిటింగ్‌లో ఆ భాగాన్నే ఎంచుకుని) మూడో వంతు కలపండి. మూడు ఫ్రేముల ఆకాశాన్నీ కలిపితే మబ్బు జరిగిన చోట రెండేసి అంచులు వస్తాయి.

దీనికంటే మంచి ఉపాయం గుడి దీపాలు. ముక్కోటి ఏకాదశి, బ్రహ్మోత్సవాల రోజుల్లో గోపురానికి దీపాలు వేస్తారు. సూర్యోదయానికి 30 నుంచి 20 నిమిషాల ముందు దీపాల వెలుగూ ఆకాశపు వెలుగూ సమానమవుతాయి, ఒక్క ఫ్రేములోనే రెండూ వచ్చేస్తాయి. షట్టర్ 1/50 లేదా అంతకంటే నిదానంగా ఉంచండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, వేగంగా తీస్తే చారలు పడే అవకాశం ఉంది.

ఫోకస్ చీకట్లో వేటాడుతుంది. గోపురం అంచూ ఆకాశమూ కలిసే చోట, లేదా దూరంగా వెలుగుతున్న దీపం మీద ఫోకస్ చేసి, వెంటనే మాన్యువల్‌కు మార్చేయండి. లెన్స్‌ను చివరిదాకా తిప్పితే అనంతం అనుకోవద్దు, ఈ లెన్సులు దాన్ని దాటి పోతాయి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు స్టెబిలైజేషన్ ఆపండి, 2 సెకన్ల టైమర్ పెట్టండి. యూవీ ఫిల్టర్ తీసేయండి, సూర్యుడికి ఎదురుగా అది రెండో సూర్యుణ్ని చూపిస్తుంది. పోలరైజర్ ఎదురు వెలుగులో పనికిరాదు. సగం నల్లగా ఉండే గ్రేడ్ ఫిల్టర్ కూడా ఇక్కడ వద్దు, గోపురం తల ఆ నల్లభాగంలోకి దూరి ఇంకా నల్లబడుతుంది. సూర్యుడు పైకి వచ్చాక 200 లెన్స్‌తో వ్యూఫైండర్‌లో కన్ను పెట్టకండి, వెనక తెర మీదే చూడండి.

ఇసుక, వంతెన, తేమ. పెన్న ఇసుకలో ట్రైపాడ్ కాలు ఒక్క ఫోటోకీ మరో ఫోటోకీ మధ్య మిల్లీమీటరు దిగుతుంది, 135 దగ్గర అది చాలు పాడుచేయడానికి. మూడు కాళ్ల కింద బోర్లించిన కొబ్బరిచిప్పలో, పలక రాళ్లో పెట్టి, పైనుంచి గట్టిగా నొక్కండి. సన్నటి చివరి కాలును ఒక జానెడు ముందే బయటకు లాగండి, అప్పుడు బిగింపు ఇసుకకు పైనే ఉంటుంది. బిగింపులోకి ఇసుక రేణువు పోతే కరకరమంటూ జీవితాంతం బిగుసుకోదు.

రోడ్డు వంతెన మీద నుంచి తీస్తే లారీ వెళ్లినప్పుడల్లా వంతెన ఊగుతుంది. రెండు లారీల మధ్య ఆగి తీయండి, లేదా ఐఎస్ఓ 400కు పెంచి షట్టర్ కురచ చేయండి. రైలు వంతెన వైపు వెళ్లనే వద్దు. నదిలోకి దిగేముందు ఎగువనున్న సోమశిల ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారా అన్నది తెలుసుకోండి. మంచి ఆకాశాలు వచ్చే నవంబరు నెలే వరదల నెల కూడా, 2021 నవంబరులో పెన్న ఏం చేసిందో ఊరందరికీ గుర్తే.

ఏసీ గదిలోంచి, ఏసీ కారులోంచి తీసిన కెమెరా మన తేమ గాలికి వెంటనే చెమర్చుతుంది. తుడిచినకొద్దీ మళ్లీ పడుతుంది. కెమెరా ఉన్న సంచిని మూత తీయకుండానే అరగంట బయట ఉంచండి. 45 నిమిషాల ముందు రమ్మనడానికి ఇదీ ఒక కారణం.

ఫోన్‌తో అయితే మెయిన్ కెమెరా లేదా 2, 3 రెట్ల జూమ్ కెమెరా ఉంటే దానితో, వేళ్లతో సాగదీయకుండా తీయండి. ఎర్రటి మబ్బు మీద వేలు నొక్కి పట్టి లాక్ చేసి, పక్కనున్న సూర్యుడి గుర్తును కిందికి జరపండి. నైట్ మోడ్ ఆపండి, అది తెల్లవారుజామును పట్టపగలు చేస్తుంది. ప్రో మోడ్ ఉంటే పైన చెప్పిన 5200 కెల్విన్ అక్కడా పెట్టవచ్చు.

రంగు రాని రోజున వెంటనే సర్దుకుని పోకండి. సూర్యోదయానికి పది పదిహేను నిమిషాల ముందు వెనక్కి తిరిగి పడమటి ఆకాశం చూడండి. కింద ముదురు నీలపు పట్టీ ఉంటుంది, అది భూమి నీడ. దాని మీద గులాబీ చార. తూర్పు దిగంతం కొంచెమైనా తెరిపిగా ఉంటే మబ్బు లేని రోజునే అది స్పష్టంగా ఉంటుంది. గోపురానికి తూర్పు వైపుకు నడిచి వెళ్లి చూస్తే ఆ చార గోపురం వెనక పడుతుంది, సూర్యుడు వచ్చిన మొదటి పది నిమిషాలు శిల్పాల మీద పసుపు ముద్దలా వెలుగు వాలుతుంది. ఉదయగిరి దుర్గం లాంటి కొండ కోటలకు నేను ఎంచుకునేది ఎప్పుడూ ఈ తూర్పు వైపే, ఎందుకంటే కొండ సిల్హౌట్‌లో గోడలూ బురుజులూ కలిసిపోయి వట్టి కొండే మిగులుతుంది.

పాలిపోయిన మీ ఫోటోల్లో ఒకటి రా ఫైల్‌గా, తీసిన తేదీ, నిమిషాలతో సహా ఇక్కడ పెట్టండి. ఎరుపు నిండిపోయిందా, వేళే దాటిపోయిందా అన్నది అది చూస్తే తెలిసిపోతుంది.